498ఏ కేసు పడినవాళ్ళు పురుష హక్కుల సంఘానికి వెళ్ళవచ్చా? బయట కనిపించేదే లోపలా ఉంటుందా?

మీ చిన్నాన్న కొడుకు మీద భార్య 498ఏ కేసు (భర్తా, అత్తింటివాళ్ళూ క్రూరంగా చూశారని పెట్టే కేసు; పాత ఐపీసీలో 498ఏ, 2024 జులై నుంచి కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో 85వ సెక్షన్) పెట్టిందనీ, ఎవరో పురుష హక్కుల సంఘానికి వెళ్ళమన్నారనీ, టీవీ చర్చల్లో వాళ్ళు మాట్లాడే తీరు చూస్తే మీకు భయంగా ఉందనీ రాశారు. వాళ్ళు లోపల కూడా అలాగే ఉంటారా అని మీ ప్రశ్న.

నేను అలాంటి ఒక సంఘంలో హైదరాబాద్‌లో ఐదేళ్ళు ఉన్నాను. మొదట మా అన్నయ్యకి తోడుగా వెళ్ళాను. తర్వాత తెలుగు బాగా రాస్తానని ప్లకార్డులు, కరపత్రాలు, పత్రికలకు పంపే ప్రకటనలు నాకే అప్పజెప్పారు. అందుకే వాళ్ళు లోపల మాట్లాడుకునేదీ, బయటికి చెప్పేదీ రెండూ నాకు తెలుసు. ఆ రెండూ ఒకటి కావు. సంఘం పేరు మాత్రం రాయను. అక్కడ నాకు మంచి చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

2017లో వదిన పెట్టిన కేసు మా ఇంటికి వచ్చింది. అన్నయ్య ఏ1, అమ్మ ఏ2, నాన్న ఏ3, చెల్లి ఏ4. చెల్లికి అప్పటికే పెళ్ళయి విశాఖలో ఉంటోంది. వదిన మా ఇంట్లో ఉన్న పద్నాలుగు నెలల్లో చెల్లి వచ్చింది రెండుసార్లు, అది కూడా పండగలకి. కానిస్టేబుల్ విచారణకి రమ్మనే 41ఏ నోటీసు పట్టుకుని వస్తే అమ్మ గేటు దగ్గర చీర చెంగుతో చేతులు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ అని అడిగింది. అంతే, ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచి కాలింగ్ బెల్ మోగితే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేది. పాలబ్బాయి వచ్చినా అంతే.

ఎవరో చెబితే ఒక ఆదివారం ఉదయం అన్నయ్యని పార్కుకి తీసుకెళ్ళాను. చెట్టు కింద ఇరవై మంది దాకా గుండ్రంగా కూర్చున్నారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు మాట్లాడాలి, మాట్లాడేటప్పుడు ఎవరూ అడ్డు తగలకూడదు. అక్కడున్న నియమం అదొక్కటే. అన్నయ్య నోరు తెరిచి "మొదటి వాయిదా పదిహేడో తారీకు" అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. చాలాసేపు ఏడ్చాడు. ఎవరూ ధైర్యం చెప్పబోలేదు, మగాడివై ఏడుస్తావేంటి అనలేదు. పక్కనున్నతను నీళ్ళ బాటిల్ మూత తీసి అన్నయ్య ముందు పెట్టాడు. మా బంధువులలో ఎవరూ చేయలేని పని అది. ఊళ్ళో అయితే మగవాళ్ళంతా "నీ పెళ్ళాన్ని నువ్వు కంట్రోల్ చేయలేకపోయావా" అనేవాళ్ళే.

అక్కడ బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. అందరి ఎఫ్‌ఐఆర్‌లూ ఆయనే చదివిపెట్టేవారు. అర్ణేశ్ కుమార్ తీర్పు గురించి మాకు మొదట చెప్పింది ఆయనే. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు ఆటోమేటిక్‌గా అరెస్టు చేయకూడదు, ఎందుకు అవసరమో కారణాలు రాసుకోవాలి, లేదంటే 41ఏ నోటీసు ఇచ్చి పిలవాలి అని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులోనే ఒక లెక్క ఉంది. 2012లో ఒక్క 498ఏ కింద దేశమంతా 1,97,762 మందిని అరెస్టు చేశారు, వాళ్ళలో 47,951 మంది ఆడవాళ్ళు. అంటే నాలుగో వంతు అత్తలు, ఆడపడుచులు. ఆ అంకె విన్నాక అమ్మ కాలింగ్ బెల్‌కి ఎందుకు భయపడుతోందో నాకు ఇంకా బాగా అర్థమైంది. ఈ ఉద్యమం గాలిలోంచి పుట్టలేదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఆ పెద్దాయన అన్నయ్యకి ఒక హోంవర్క్ ఇచ్చారు. ఇంటికి వెళ్ళి పెన్సిల్ తీసుకుని ఎఫ్‌ఐఆర్‌లో ప్రతి వాక్యం పక్కన నిజమైతే టిక్కు, అబద్ధమైతే ఇంటూ పెట్టుకుని రా, లాయరుతో కూడా అబద్ధం చెప్పొద్దు అన్నారు. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర నలుగురం కూర్చున్నాం. చెల్లి పేరున్న చోట్లన్నీ ఇంటూలు. కొట్టారన్న చోట ఇంటూ. పెళ్ళిలో పది లక్షలు ఇచ్చారన్న చోట టిక్కు. తర్వాత ఫ్లాట్ అడ్వాన్సు కోసం ఇంకో ఐదు లక్షలు తెమ్మన్నారన్న వాక్యం వచ్చింది. అన్నయ్య పెన్సిల్ ఆగింది. నాన్న "మనం అడగలేదురా, వాళ్ళే సర్దుతామన్నారు" అన్నారు. అమ్మ కాసేపు ఆ కాగితం వంకే చూసి "అడిగాం" అంది. అన్నయ్య టిక్కు పెట్టాడు.

ఇప్పుడు బయటి మాటకి వస్తాను.

498ఏ 1983లో వచ్చింది. కిరోసిన్ స్టవ్ పేలి కోడలు చనిపోయిందని పేపర్లో రోజూ చదివే కాలంలో, ఆడవాళ్ళు రోడ్డెక్కి సాధించుకున్న చట్టం అది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం ఉన్నా దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. దుర్వినియోగం జరుగుతోందంటూ కేసులు పడినవాళ్ళు ఒక్కటవడం 2000 తర్వాత ఊపందుకుంది. 2005లో బెంగళూరు కేంద్రంగా సేవ్ ఇండియన్ ఫ్యామిలీ ఫౌండేషన్ వచ్చింది. ఆ పేరు చూడండి. అందులో మగవాళ్ళ ఊసు లేదు, కుటుంబం ఉంది. ఇది నేను తప్పు పట్టి చెప్పడం లేదు, మా పార్కులో కూడా అదే పద్ధతి. ధర్నాకి వెళ్తే ముందు వరసలో అమ్మలని కూర్చోబెట్టేవాళ్ళం. కెమెరా ముందు మగవాడు ఏడిస్తే జనం నవ్వుతారు, అరవై ఏళ్ళావిడ ఏడిస్తే వింటారు. మా అమ్మ కూడా రెండుసార్లు కూర్చుంది.

ప్లకార్డు మీద రాయడానికి మాకు బాగా ఇష్టమైన మాట "లీగల్ టెర్రరిజం". సుప్రీంకోర్టే అందని కింద రాసేవాళ్ళం. అన్నమాట నిజమే, 2005లో సుశీల్ కుమార్ శర్మ కేసులో అంది. ఈ సెక్షన్‌ని దుర్వినియోగం చేస్తే కొత్త లీగల్ టెర్రరిజానికి దారి తీయవచ్చని హెచ్చరించింది. నేను కుతూహలం కొద్దీ ఆ తీర్పు మొత్తం తీసి చదివాను. ఆ కేసు వేసినాయన 498ఏని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయమని అడిగాడు. కోర్టు కొట్టేయలేదు. దుర్వినియోగం అయ్యే అవకాశం ఉన్నంత మాత్రాన చట్టం చెల్లకుండా పోదని చెప్పింది. ఇది కూడా ఒక లైన్‌లో రాద్దామా అని మీటింగులో అడిగాను. "మనం ఆ పక్క లాయర్లమా?" అన్నారొకరు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. నేనూ ఊరుకున్నాను.

ఇంకోటి 15 శాతం. 498ఏలో శిక్షలు పడేది 15 శాతమే కాబట్టి మిగతా 85 శాతం తప్పుడు కేసులే అని మా కరపత్రంలో నేనే రాశాను. ఆ 15 శాతం అన్న అంకె అర్ణేశ్ కుమార్ తీర్పులోదే, దానికి ముందే చార్జిషీట్లు 93.6 శాతం కేసుల్లో పడుతున్నాయని కూడా ఉంది. ఆ మాట మేం రాయలేదు. కేసు వీగిపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. సాక్షులు మారిపోతారు, అమ్మాయి ఏళ్ళ తరబడి తిరగలేక వదిలేస్తుంది, చాలాసార్లు రాజీ అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చట్టం సవరించి కోర్టు అనుమతితో 498ఏలో రాజీ పడే వీలు కల్పించారు. రాజీ అయితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క.

మా అన్నయ్య కేసు అలాగే అయిపోయింది. 2021లో లోక్ అదాలత్‌లో రాజీ, ఫ్యామిలీ కోర్టులో మ్యూచువల్ డైవోర్స్. బంగారం, పెళ్ళి డబ్బులు తిరిగిచ్చాం. కోర్టు వరండాలో వదిన నాన్నగారు ఆ కవరు తీసుకుని లెక్క పెట్టుకోకుండానే సంచిలో పెట్టుకున్నారు. వారం తర్వాత మా సంఘం గ్రూపులో అన్నయ్య ఫొటోతో పోస్టర్ వచ్చింది: "మరో తప్పుడు కేసు వీగిపోయింది. సత్యమేవ జయతే." తెలుగు అంతా నాదే, పోస్టర్ నేనే రాసిచ్చాను. రాసేటప్పుడు సంతోషంగానే ఉన్నాను. రాత్రి పడుకున్నాక ఆ పెన్సిల్ టిక్కు గుర్తొచ్చింది. చెల్లి పేరు ఇరికించడం పచ్చి అబద్ధం, నాలుగేళ్ళు ఆ పిల్ల విశాఖ నుంచి వాయిదాలకి తిరిగింది. ఐదు లక్షలు అడగడం నిజం. ఒకే కేసులో రెండూ ఉన్నాయి. పోస్టర్‌లో ఒకటే ఉంది.

అప్పటికి కూడా నేను మానేయలేదు. 2022 జనవరిలో ఢిల్లీ హైకోర్టులో భార్య మీద భర్త చేసే అత్యాచారాన్ని నేరంగా చూడాలా వద్దా అన్న వాదనలు నడిచాయి. ఐపీసీ 375లో భర్తలకున్న మినహాయింపు తీసేయాలని పిటిషన్లు. ఒక పురుష సంఘం కోర్టులో చేరి తీసేయకూడదని వాదించింది. బయట "మ్యారేజ్ స్ట్రైక్" అని హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది, ఆ మినహాయింపు పోతే మేం పెళ్ళిళ్ళే చేసుకోం అని. మా గ్రూపులో కూడా దాన్ని తెలుగులో రాసిపెట్టమన్నారు. నేను అడిగాను, మన కేసులకీ దీనికీ సంబంధం ఏమిటని. రేపు దీని కింద కూడా తప్పుడు కేసులు పెడతారు అన్నారు. అందుకని నిజంగా జరిగినవాళ్ళు ఏం చేయాలి అన్నాను. జవాబు రాలేదు. జీవితంలో మొదటిసారి నేను రాయనన్నాను, వేరే అతను రాశాడు. మే 11న హైకోర్టు ఇద్దరు జడ్జీలూ చెరో మాట చెప్పారు. ఆ మినహాయింపు ఇప్పటి బీఎన్‌ఎస్‌లో కూడా 63వ సెక్షన్ కింద అలాగే ఉంది.

అదే బీఎన్‌ఎస్‌లో ఇంకో సంగతి. పాత ఐపీసీలో 377 సెక్షన్ ఉండేది. పద్దెనిమిదేళ్ళు దాటిన మగవాడి మీద మరొకరు లైంగిక దాడి చేస్తే పెట్టడానికి ఉన్న సెక్షన్ అదే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక అది పోయింది, దాని చోట ఇంకోటి పెట్టలేదు. నూటికి నూరు పాళ్ళు మగవాళ్ళ హక్కుల సమస్య ఇది. దీని మీద హ్యాష్‌ట్యాగ్ గానీ ధర్నా గానీ నా కంట పడలేదు. ఈ కోపం నాకు ఇంకా పోలేదు.

నేను బయటికి వచ్చింది 2022 నవంబరులో. నవంబరు 19 అంతర్జాతీయ పురుషుల దినోత్సవం. 1999లో ట్రినిడాడ్‌లో ఒక ప్రొఫెసర్ మగవాళ్ళ ఆరోగ్యం, మంచి తండ్రులు, మంచి మగపిల్లలు అనే ఆలోచనతో మొదలుపెట్టిన రోజు అది. మన దగ్గర అది 498ఏ వ్యతిరేక దినం అయిపోయింది. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో నిలబడ్డాం. నా చేతిలో ప్లకార్డు. పైన పెద్ద అక్షరాలతో "భార్యల వేధింపులకు బలైన భర్తలు", కింద "81,063". 2021లో ఆత్మహత్య చేసుకున్న పెళ్ళయిన మగవాళ్ళ సంఖ్య అది, జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంకె తప్పు కాదు.

రోడ్డు ఊడ్చే ఒకామె చీపురు గోడకి ఆనించి దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. "ఏం రాసిర్రు బిడ్డా?" అని అడిగింది. చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. "గీ లెక్కల మా ఆయన గూడ ఉన్నడా?" అంది. ఏమైందమ్మా అన్నాను. మేస్త్రీ పనికి పోయేవాడట. కరోనాలో పనుల్లేక అప్పులు చేశాడట, తాగుడు ఎక్కువైందట, పోయిన ఏడాది దసరా ముందు ఉరేసుకున్నాడట. ఇద్దరు పిల్లలు. చెప్పేటప్పుడు ఆమె కళ్ళు ప్లకార్డు మీదే ఉన్నాయి. "మరి నా మీద గట్ల ఎందుకు రాసిర్రు?" అంది.

కోపంగా అడగలేదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఎలా అడుగుతారో అలా అడిగింది. మీ గురించి కాదమ్మా అన్నాను. "ఆయన ఉన్నడంటివి కద" అంది. ఉన్నాడు. పోయిన ఏడాది, పెళ్ళయినవాడు, ఆ 81,063లో కచ్చితంగా ఉన్నాడు. ఆయన్ని చంపింది ఈమే అని నా చేతిరాతతో రాసి పట్టుకుని నిలబడ్డాను. సూపర్‌వైజర్ పిలిస్తే ఆమె చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ప్లకార్డు తిరగేసి పట్టుకున్నాను, తర్వాత దించేశాను.

ఆ రాత్రి కూర్చుని ఆ నివేదిక మొత్తం చదివాను. 2021లో మొత్తం 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు, మగవాళ్ళు 1,18,979 మంది. ఇది చాలా పెద్ద సంఖ్య. మగవాళ్ళు ఎందుకు ఇలా చనిపోతున్నారో ఈ దేశం అడగాల్సిందే. కానీ ఆడా మగా కలిపి మొత్తం మరణాల కారణాలు చూస్తే పెళ్ళికి సంబంధించిన సమస్యలు 4.8 శాతం. పెళ్ళి గొడవలు కాకుండా ఇతర కుటుంబ సమస్యలు 33.2 శాతం, జబ్బులు 18.6 శాతం. వృత్తి ప్రకారం చూస్తే అందరికంటే ఎక్కువ మంది రోజుకూలీలు, 42,004 మంది. మా ధర్నాల్లో ఒక్క కూలీ కూడా నాకు కనిపించలేదు. అందరం సాఫ్ట్‌వేర్, బ్యాంకు, గవర్నమెంటు ఉద్యోగాలవాళ్ళమే. చనిపోయిన ఆడవాళ్ళలో గృహిణులే 23 వేలకు పైగా ఉన్నారు. ఆ పేజీ కూడా అదే నివేదికలో ఉంది.

చనిపోయినవాళ్ళ అంకెని అప్పు తెచ్చుకుని మేం మా గొడవ చెప్పుకున్నాం. దాంతో ఆ మేస్త్రీ ఎందుకు చనిపోయాడన్న ప్రశ్న ఎవరూ అడగకుండా పోయింది. తాగుడు, అప్పు, పని లేకపోవడం, బాధ చెప్పుకోలేకపోవడం, ఇవన్నీ మగవాళ్ళ సమస్యలే. మా పార్కులో చెట్టు కింద వీటి గురించే మాట్లాడుకునేవాళ్ళం. మైకు పట్టుకోగానే భార్య ఒక్కతే మిగిలేది. ఇంకొన్ని చోట్ల మరీ ముదిరిపోయింది, వారణాసిలో బతికున్న మాజీ భార్యలకి పిండాలు పెట్టి ఫొటోలు దిగారు. అలాంటి ఫొటో చూసిన మేజిస్ట్రేటుకి, పోలీసుకి, పక్కింటివాళ్ళకి మా చెల్లి లాంటి పిల్ల మాట ఏం చెవికెక్కుతుంది? నిజంగా అన్యాయం జరిగినవాళ్ళని ఈ వేషం ఇంకా నమ్మకుండా చేస్తుంది.

తర్వాత ఇదే లెక్కలతో మగవాళ్ళ కోసం జాతీయ కమిషన్ కావాలని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2023 జులైలో కోర్టు విచారణకు తీసుకోలేదు. ఒక వైపే చూపిస్తున్నారు, పెళ్ళయిన కొద్దికాలానికే చనిపోతున్న అమ్మాయిల లెక్క ఇవ్వగలరా అని అడిగింది. ఏటా నమోదయ్యే వరకట్న మరణాలు ఆరు వేలకు పైమాటే మరి. 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక ఇంజనీరు సుదీర్ఘమైన లేఖ, వీడియో వదిలి చనిపోయినప్పుడు నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు, అన్నయ్య మొదటి వాయిదా రోజులే గుర్తొచ్చాయి. ఆయన చనిపోయిన మరుసటి రోజే, డిసెంబరు 10న, తెలంగాణ నుంచి వెళ్ళిన దారా లక్ష్మీనారాయణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా భర్త తరఫు అందరినీ ఇరికించడం తప్పని కేసు కొట్టేసింది. చెల్లికి ఫోన్ చేసి చదివి వినిపించాను. అదే తీర్పులో, క్రూరత్వానికి గురైన ఆడవాళ్ళు ఫిర్యాదు చేయకుండా నోరు మూసుకోవాలని మేం అనడం లేదు అని కూడా ఉంది. ఆ వారం చూసిన పోస్టర్లలో మొదటి సగమే ఉంది.

కాబట్టి మీ తమ్ముడి సంగతి. ఆదివారం మీటింగుకి పంపండి, వీలైతే మీరూ తోడు వెళ్ళండి. కేసు అంటే ఏమిటో, నోటీసు వస్తే ఎలా వెళ్ళాలో, ఏ కాగితాలు పెట్టుకోవాలో అక్కడ ఓపికగా చెబుతారు. వాళ్ళ మాట విని లాయరుని మార్చేయకండి. అత్తామామల మీద కట్నం ఇచ్చారని ఎదురు కేసు పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు, మాకూ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళూ నేరస్థులే అని 1961 వరకట్న నిషేధ చట్టం 3వ సెక్షన్ అంటుంది గానీ, బాధితులు ఇచ్చిన స్టేట్‌మెంట్ ఆధారంగా వాళ్ళ మీదే కేసు పెట్టకూడదని అదే చట్టంలో 7వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. ఫొటో ఇమ్మంటే, వీడియోలో మాట్లాడమంటే వద్దని చెప్పండి. రాత్రిళ్ళు నిద్ర లేకుండా పిచ్చి ఆలోచనలు వస్తున్నాయంటే మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు. 14416 ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. మేం వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో అది లేదు.

వెళ్ళే ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ, పెన్సిల్ తీసుకుని ఇంట్లో అందరూ కూర్చోండి. మీ పిన్నిగారిని కూడా కూర్చోబెట్టండి.

మా అన్నయ్య ఇప్పటికీ ఆదివారాలు ఆ పార్కుకి వెళ్తున్నాడు. ధర్నాలకి వెళ్ళడు, ఆ గ్రూపులో లేడు. పోయిన ఏడాది ఆ పెద్దాయనకి ఆరోగ్యం బాగోక రావడం మానేశాక, కొత్తగా వచ్చినవాళ్ళ ఎఫ్‌ఐఆర్‌లు తనే చదివిపెడుతున్నాడు. నీళ్ళ బాటిల్ కూడా తనే తీసుకెళ్తాడు.